నీరో నేరం ఫిడేలు కాదు

రోము తగలబడుతుంటే నీరో చక్రవర్తి ఫిడేలు వాయిస్తూ కూర్చున్నాడు. తెలుగులో రాజకీయం మాట్లాడే ఎవరికీ ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. తుఫాను ఊళ్లను ముంచినప్పుడు, పంట ఎండినప్పుడు, ఆసుపత్రుల్లో మంచాలు చాలనప్పుడు అధికారంలో ఉన్నవాడి మీద విసరడానికి చేతికందే రాయి ఇది. నిన్న దాన్ని విసిరినవాడే ఇవాళ గద్దెనెక్కి అదే రాయి దెబ్బ తింటాడు. సంపాదకీయాల్లో, సభల్లో, కార్టూన్లలో ఇంతగా నలిగాక, అది చరిత్రో కట్టుకథో అని ఇప్పుడెవరూ అడగడం లేదు. అడిగి తీరాలి. ఆ మాట అబద్ధం కావడం దాని దోషాల్లో చిన్నది. చెడ్డ పాలకుణ్ణి ఎలా గుర్తుపట్టాలో అది మనకు తరతరాలుగా నేర్పుతోంది, తప్పుగా నేర్పుతోంది. పెద్ద దోషం అదీ.

ముందు ఆ అభిప్రాయాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకుందాం. క్రీ.శ. 64 జులైలో రోము నగరంలో అధికభాగం కాలిపోయింది. అప్పటి చక్రవర్తి నీరోకు ఇరవై ఆరేళ్లు. అప్పటికే కన్నతల్లి అగ్రిప్పినాను, భార్య ఆక్టేవియాను చంపించినవాడు, పాటంటే పడిచచ్చేవాడు. మంటలు చూసి మురిసిపోతూ ట్రాయ్ పట్టణ వినాశనం మీద పాట అందుకున్నాడన్న కథ ముగ్గురు ప్రాచీన చరిత్రకారుల రాతల్లో కనిపిస్తుంది. కాలిన నేలలో ఎంతో భాగాన్ని కలుపుకుని తర్వాత తనకోసం ‘బంగారు భవనం’ కట్టించుకున్నాడు. కాబట్టి నిప్పు పెట్టించింది కూడా అతనే అయి ఉండాలి. కాదనుకున్నా, జనం గోడు పట్టనివాడన్నది మాత్రం ఖాయం. పాలకుడి నిర్లక్ష్యానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. వాదన ఇది. ఇందులో తల్లి హత్య నిజం, భార్య హత్య నిజం, బంగారు భవనం నిజం. ఆ నిజాల పక్కన కూర్చోబెట్టడం వల్లనే పాట కథకు కూడా నిజం రంగు పట్టింది. ఒక్కొక్కటీ విడదీసి చూడాలి.

1. సాక్షులు

ఫిడేలు సంగతి త్వరగా తేలిపోతుంది. ఆ వాయిద్యం ఇటలీలో నేటి రూపానికి వచ్చింది 16వ శతాబ్దంలో. మన కర్ణాటక సంగీతంలోకి అడుగుపెట్టింది ఇంకా తర్వాత, బాలుస్వామి దీక్షితర్ తరంలో. నీరో సాధన చేసింది కితారా అనే మీటి వాయించే తంత్రీవాద్యం; ఆ కాలంలో దానికి పేరుపడ్డ టెర్ప్నస్ అతని గురువు. ఇంగ్లీషు నానుడి మన భాషలోకి వచ్చినప్పుడు అందులోని వాయిద్యం కూడా యథాతథంగా వచ్చేసింది. అయితే ఫిడేలు లేదు కాబట్టి కథ అబద్ధం అనేస్తే అది పిల్లల వాదన అవుతుంది. కితారా అని దిద్దుకుని కథను నిలబెట్టుకోవచ్చు. దిద్దుకున్నా నిలబడనిది సాక్ష్యం.

ముగ్గురు సాక్షుల్లో ఎవరూ ప్రత్యక్షసాక్షిగా మాట్లాడినవాళ్లు కారు. టాసిటస్ అగ్నిప్రమాదం నాటికి సుమారు ఎనిమిదేళ్ల పిల్లవాడు. దాని గురించి రాసింది దాదాపు అర్ధశతాబ్దం గడిచాక. స్యూటోనియస్ అప్పటికి పుట్టనే లేదు. కాసియస్ డియో మూడో శతాబ్దంలో రాసినవాడు. వీళ్లలో ఘటనకు అందరికన్నా దగ్గరివాడు, మిగతా ఇద్దరికన్నా జాగ్రత్తగా రాసినవాడు టాసిటస్. మంటలు మొదలైనప్పుడు నీరో రోములో లేడనీ, సముద్రతీరాన ఉన్న ఆంటియమ్‌లో ఉన్నాడనీ ఆయనే చెప్పాడు. అది రోముకు యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. మంటలు తన భవనం వైపు వస్తున్నాయని తెలిశాకే తిరిగి వచ్చాడని కూడా రాశాడు. అది పొగడ్త కాదు, ఎత్తిపొడుపు. పాట సంగతిని మాత్రం వదంతి అనే రాశాడు. నీరో అంటే ఆయనకు ఏ మాత్రం గౌరవం లేదు. అతన్ని దుయ్యబట్టే అవకాశం దొరికితే జారవిడుచుకునే రచయిత కాడు. అలాంటివాడు వదంతి దగ్గర కలం ఆపాడంటే, అంతకుమించిన ఆధారం ఆయనకు దొరకలేదనే అర్థం. తర్వాతి ఇద్దరూ ఆ వదంతిని నిశ్చయంగా మార్చారు. మార్చేటప్పుడు వేదిక కూడా మారిపోయింది. టాసిటస్ విన్న వదంతిలో నీరో పాడింది తన ఇంటి రంగస్థలం మీద. స్యూటోనియస్ దగ్గరికి వచ్చేసరికి అది ఎస్క్విలిన్ గుట్ట మీది మెసీనాస్ బురుజు అయింది. డియో రాసేనాటికి రాజభవనం పైకప్పు. ఒకే సంఘటన మూడు చోట్ల జరగదు. సాక్షులు దూరమయ్యేకొద్దీ వివరాలు స్పష్టమవుతూ పోయే కథను నమ్మడానికి ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు.

మరి అంత వివరంగా వదంతి ఎలా పుట్టింది? దానికి జవాబు వెతకడం కష్టం కాదు. అదే ఏడాది, ప్రమాదానికి ముందు, నీరో నేపుల్స్ నగరంలో తొలిసారి బహిరంగ వేదికెక్కి పాడాడు. ట్రాయ్ మీద కావ్యం రాసినవాడు కూడా. నగరం కాలుతోంది, చక్రవర్తి పాటగాడు, అతని కావ్యవస్తువు కాలిపోయిన నగరం. ఈ మూడింటినీ కలపడానికి కుట్రదారు అక్కర్లేదు, ఇల్లు పోయిన కసి చాలు. ఆ రోజుల్లో రోము జనం ఎలాంటి లెక్కలు కట్టారో టాసిటస్ ఇంకొక ఉదాహరణ ఇచ్చాడు. మంటలు మొదలైన జులై తేదీ, పూర్వం గాల్ తెగలు రోమును పట్టుకుని తగలబెట్టిన తేదీతో సరిపోయిందట. రెండింటి మధ్య కాలాన్ని ఏళ్లు, నెలలు, రోజులుగా సమానంగా పంచి చూపినవాళ్లు కూడా ఉన్నారట. దుఃఖంలో ఉన్న ఊరు ఇలాంటివి అల్లుతుంది. అల్లినవాళ్ల మీద కోపగించాల్సిన పని లేదు. దాన్ని రెండు వేల ఏళ్లుగా సాక్ష్యంలా వాడుతున్నవాళ్లను మాత్రం ప్రశ్నించాలి.

2. నిప్పు

పాట కాదు, నిప్పు పెట్టించడమే అసలు నేరం అనేవాళ్లున్నారు. వాళ్ల వాదన ఇంకొంచెం గట్టిది, అందుకని ఇంకొంచెం సేపు నిలబడి చూడాలి. బంగారు భవనానికి స్థలం కావాలి, జనం ఖాళీ చేయరు, అందుకని తగలబెట్టించాడు అంటారు. కానీ మంటలు రాజుకున్నది సర్కస్ మాక్సిమస్ పందెపు మైదానాన్ని ఆనుకుని, పాలటైన్, కీలియన్ గుట్టల వైపు ఉన్న దుకాణాల్లో. ఆ దుకాణాల నిండా తేలిగ్గా అంటుకునే సరుకులు. గాలి తోడైంది. అడ్డుకోవడానికి మధ్యలో ప్రహరీలున్న పెద్ద ఇళ్లు గానీ, ఆలయాల గోడలు గానీ లేవు. ఆ మంటల్లో నీరో సొంత భవనం, పాలటైన్ గుట్ట నుంచి మెసీనాస్ తోటల దాకా సాగే డోమస్ ట్రాన్సిటోరియా, కాలిపోయింది. స్థలం కోసం నిప్పు పెట్టేవాడు తన ఇంటికి ఎదురుగా పెట్టడు. రహస్యంగా పెట్టాలనుకున్నవాడు పౌర్ణమి దాటి ఒకటి రెండు రోజులైనా కాని వెన్నెల రాత్రిని ఎంచుకోడు.

ఎదుటివాళ్ల చేతిలో మూడు మంచి ఆధారాలున్నాయి, వాటిని దాచనక్కర్లేదు. ఆర్పడానికి వచ్చినవాళ్లను కొందరు బెదిరించారనీ, కాగడాలు విసురుతూ తమకు పైనుంచి ఆజ్ఞ ఉందని అరిచారనీ టాసిటస్ రాశాడు. ఆరోనాటికి అణిగిన మంటలు మళ్లీ లేచింది నీరో ఆంతరంగికుడు, అంగరక్షక దళాధిపతి టిగెల్లినస్ స్థలంలో. మరుసటి ఏడు, 65లో, కుట్ర చేసి పట్టుబడ్డ సైన్యాధికారి సుబ్రియస్ ఫ్లావస్ నీరో ముఖం మీదే, తల్లినీ భార్యనీ చంపినవాడివనీ నగరాన్ని తగలబెట్టినవాడివనీ అన్నాడు. ఈ మూడింటిలో మొదటిదాన్ని చూద్దాం. ఆ కాగడాల మనుషులు స్వేచ్ఛగా దోచుకోవడానికి అలా అని ఉండొచ్చు, నిజంగా ఆజ్ఞ మీదే చేసి ఉండొచ్చు అని టాసిటస్ తానే రెండు దారులూ వదిలాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ఆనాటి రోములో పెద్ద మంటను ఆపడానికి ఉన్న ప్రధాన పద్ధతి దాని దారిలోని ఇళ్లను ముందే కూల్చేసి ఖాళీ చేయడం. చివరికి ఎస్క్విలిన్ గుట్ట కింద మంట ఆగింది అలాగే. ఇంకా అంటుకోని ఇంటిని సైనికులు పడగొడుతుంటే ఆ ఇంటివాడికి అది రక్షణలా కనిపించదు. రెండోది అనుమానానికి చోటిస్తుంది, నిరూపణకు ఇవ్వదు. ఇక ఫ్లావస్ మాట. 65 నాటికే జనం అలా నమ్మారనడానికి అది తిరుగులేని ఆధారం. 64లో ఏం జరిగిందనడానికి మాత్రం కాదు. చావబోతున్న వీరుడి నోట వచ్చిందని నింద నిజమైపోదు.

ఈ వాదనకు ఉన్న పెద్ద ఖాళీ ఇంకొకటి. రోము కాలడానికి దుర్మార్గుడైన చక్రవర్తి అవసరం ఎప్పుడూ లేదు. క్రీ.శ. 6లో ఎంతగా కాలిందంటే, అగస్టస్ అప్పుడే ‘విజిలెస్’ అనే అగ్నిమాపక కావలి దళాన్ని ఏర్పాటు చేయాల్సి వచ్చింది: ఏడు పటాలాలు, ఒక్కో పటాలానికి రెండేసి వార్డులు. 27లో కీలియన్ గుట్ట కాలింది. 36లో అవెంటైన్ గుట్ట, దాని కిందున్న సర్కస్ మైదానం భాగం కాలాయి. నీరో తర్వాత పదహారేళ్లకు, 80లో, టైటస్ పాలనలో మూడు రోజులు కాలింది. టైటస్ చరిత్రలో మంచివాడు. ఆ మంట అతని పేరుకు మచ్చ కాలేదు, లోకోక్తి కాలేదు. ఒకే నగరం, ఒకే రకం ఇళ్లు, ఒకే రకం ప్రమాదం. తీర్పు మాత్రం గద్దె మీదున్నవాడి స్వభావాన్ని బట్టి. అంటే మనం విచారించింది ప్రమాదాన్ని కాదు, మనిషిని. ఆ నగరాన్ని విచారించి ఉంటే దోషులు వేరేచోట దొరికేవాళ్లు. అద్దెల ఆశతో అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోయిన యజమానులు, కొయ్య దూలాల మీద నిలబెట్టిన పై వాటాలు, రెండిళ్లకూ కలిపి ఒకే గోడ, మలుపులు తిరిగే ఇరుకు సందులు. మరొకటి కూడా ఉంది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది: జనం కోసం తెచ్చిన కాలువల నీటిని పలుకుబడి ఉన్నవాళ్లు మధ్యలోనే తమ ఇళ్లకు మళ్లించుకునేవాళ్లు. ప్రమాదం తర్వాత ఆ మళ్లింపును ఆపడానికి కావలి పెట్టాల్సి వచ్చిందని టాసిటస్ రాశాడు. నగరంలోని 14 వార్డుల్లో నాలుగే చెక్కుచెదరకుండా మిగలడానికి, మూడు నేలమట్టం కావడానికి, మిగతా ఏడింటిలో మొండిగోడలే నిలవడానికి ఈ కారణాలు చాలు. పాటతో పని లేదు.

3. ఆ నింద ఎవరి నోటిది

నీరో గురించి మనకు తెలిసినదాంట్లో అధికభాగం ఒక వర్గం కలం నుంచి వచ్చింది. టాసిటస్ సెనేటరు, డియో సెనేటరు, స్యూటోనియస్ వాళ్ల కింది మెట్టు కులీనుడు. నీరో చేసిన ఘోరాల్లో వాళ్ల వర్గానికి భరించరానిదిగా తోచింది ఏదని వెతికితే, మాటిమాటికీ ఎదురయ్యేది చక్రవర్తి వేదికెక్కి పాడటం. రోములో నటుడి వృత్తి నీచమైనది. డబ్బు కోసం వేదికెక్కినవాడికి చట్టం ముందే కొన్ని హక్కులుండవు. అలాంటివాళ్ల వరసలో చక్రవర్తి నిలబడటం కులీనులకు తమ తలకొట్టేసినట్టయింది. పాట నింద వెనకున్నది ఈ పరువు లెక్క. అగ్నిప్రమాద బాధితుల తరఫున పుట్టిన కోపం కూడా అందులో కలిసి ఉండొచ్చు, కానీ దాన్ని పుస్తకాల్లోకి ఎక్కించి కాపాడింది మాత్రం నటుల్ని నీచులుగా చూసే చూపే. కళాకారుణ్ణి ఆకాశానికెత్తే మన భాష ఆ చూపును తెలియక మోస్తోంది.

ఆ వర్గం దేన్ని మోయలేదో చూస్తే తేడా తెలుస్తుంది. అగ్నిప్రమాదానికి మూడేళ్ల ముందు, 61లో, రోము నగరాధికారి పెడానియస్ సెకుండస్‌ను ఆయన బానిసల్లో ఒకడు చంపాడు. పాత ఆచారం ప్రకారం ఆ కప్పు కింద ఉన్న బానిసలందరినీ చంపాలి. ఆ ఇంట్లో 400 మంది ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు, ఏ పాపం తెలియనివాళ్లు. నగరంలోని సామాన్య జనం దీన్ని ఒప్పుకోక వీధుల్లోకి వచ్చారు, రాళ్లూ కాగడాలూ పట్టుకుని అడ్డుకున్నారు. సెనేటులో న్యాయకోవిదుడు గైయస్ కాసియస్ లేచి, భయం లేకపోతే బానిసలు అదుపులో ఉండరని వాదించాడు, సెనేటు ఒప్పుకుంది. నీరో దారి పొడవునా సైనికుల్ని నిలబెట్టి 400 మందినీ చావుకు పంపించాడు. ఇది వదంతి కాదు. వేదిక రెండుసార్లు మారిన కథ కాదు. టాసిటస్ వివరంగా రాసిపెట్టిన ఘటన. చక్రవర్తి కర్కశత్వానికి లోకోక్తి కావాలనుకుంటే ఇంతకన్నా గట్టిది ఏముంది? కానీ ఇందులో నీరో ఒంటరి దోషి కాడు, సెనేటు తోడుదొంగ. అందుకే ఇది ఎవరి నోటా నానలేదు.

నీరోను మెచ్చుకున్న చరిత్రకారులు ఉపకారం పొంది మెచ్చుకున్నారనీ, తిట్టినవాళ్లలో కొందరు ద్వేషంతో సిగ్గులేకుండా అబద్ధమాడారనీ యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఆ తరంలోనే హెచ్చరించాడు. 68 జూన్‌లో ముప్ఫై ఏళ్ల వయసులో నీరో ఆత్మహత్య చేసుకున్నాక చాలాకాలం అతని సమాధి మీద పూలు పెట్టినవాళ్లున్నారని స్యూటోనియస్సే ఒప్పుకున్నాడు. తూర్పు రాష్ట్రాల్లో ‘నేనే నీరోను’ అంటూ లేచినవాళ్ల వెంట జనం నడిచారు.

ఇక్కడ రెండో వైపు నుంచి ఒక ఆక్షేపణ వస్తుంది: అయితే నీరో అమాయకుడా? ఈమధ్య అతన్ని కడిగి ముత్యం చేసే పుస్తకాలు, ప్రదర్శనలు పెరిగాయి. కులీనుల కుట్రకు బలైన జనం మనిషి అంటున్నారు. దీన్ని కూడా అంతే గట్టిగా తోసిపుచ్చాలి. సాక్షికి పక్షపాతం ఉందని తేలితే అతని మాటను పరీక్షకు పెట్టాలి. ముద్దాయిని విడుదల చేయడం వేరే సంగతి. పరీక్షకు పెడితే పాట రాలిపోతుంది. 400 మంది శవాలు రాలిపోవు. సమాధి మీది పూలకు వాటిని కప్పే శక్తి లేదు.

4. లోకోక్తి పరీక్షలో నీరో నెగ్గుతాడు

ఇక ఆ మాటను సమర్థించేవాళ్లలో తెలివైనవాళ్ల వాదన. చరిత్ర ఎలా ఉంటే ఏం, అది లోకోక్తి. ఆపదలో పట్టనట్టు కూర్చున్న పాలకుడికి ఒక పోలిక. పోలికకు సాక్ష్యాలు అడుగుతారా అంటారు. అడగక్కర్లేదు. కానీ ఆ పోలిక చేస్తున్న పనిని అడగాలి. అది పాలకుణ్ణి ఏ తూకంతో తూస్తోంది? ఆపద సమయంలో ఎక్కడున్నాడు, ముఖం ఎలా పెట్టాడు, ఏ వినోదంలో ఉన్నాడు. వచ్చి, చూసి, బాధపడి, ఏదో ఒకటి పంచితే ఆ తూకంలో అతను మంచివాడు. మరి అదే తూకంలో 64 జులై నాటి నీరోను పెట్టి చూడండి.

తిరిగి వచ్చాడు. మార్స్ మైదానాన్ని, అక్కడ అగ్రిప్పా కట్టించిన పెద్ద భవనాల్ని నిరాశ్రయులకు తెరిపించాడు. తన సొంత తోటల్ని కూడా తెరిచాడు. తాత్కాలికంగా పాకలు వేయించాడు. ఓస్టియా రేవు నుంచి, చుట్టుపక్కల పట్టణాల నుంచి సామగ్రి తెప్పించాడు. ధాన్యం ధరను మోడియస్‌కు మూడు సెస్టర్షియస్ నాణేలకు దించాడు. మోడియస్ అంటే సుమారు ఆరున్నర కిలోల గోధుమలు పట్టే కొలత. ఇవన్నీ అతని శత్రువు టాసిటస్ రాసినవే. తర్వాత కట్టిన నగరం ఇంకా మెరుగైనది. వీధులు కొలిచి వెడల్పు చేశారు, ఇళ్ల ఎత్తుకు హద్దు పెట్టారు. ప్రతి ఇంటికీ సొంత గోడలుండాలన్నారు. ఇంట్లో కొంత భాగమైనా కొయ్య దూలం లేకుండా, నిప్పుకు తట్టుకునే గాబీ, ఆల్బా రాయితో కట్టాలన్నారు. ఇళ్ల ముందు వసారాలు చక్రవర్తి ఖర్చు మీద వెలిశాయి. గడువులోగా ఇల్లు పూర్తి చేసినవాళ్లకు బహుమానాలు. ధాన్యం తెచ్చిన ఓడలు తిరిగి వెళ్లేటప్పుడు శిథిలాలు నింపుకుని ఓస్టియా చిత్తడి నేలల్లో పోయాలన్నారు. ఇరుకు సందుల్లో నీడ ఉండేది, ఈ వెడల్పు వీధుల్లో ఎండ మండిపోతోందని గొణిగినవాళ్లు కూడా ఉన్నారట. నగరాలను బాగుచేసిన ప్రతిచోటా వినిపించే గొణుగుడే అది.

ఇదంతా నీరోను పొగడటానికి చెప్పలేదు. లోకోక్తి అడిగిన ప్రశ్నలన్నిటికీ అతని దగ్గర జవాబుంది. వచ్చాడు, పంచాడు, కట్టాడు. అలాంటివాణ్ణే ఆ మాట తన దుర్మార్గుడిగా పెట్టుకుంది. మరి ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడు తర్వాతి నెలల్లో చేసిన పనుల్ని అది ఎలా పట్టుకుంటుంది? పట్టుకోలేదు. అది చూసే చోట అవి ఉండవు. వరద ముంపులో పడవెక్కి ఫొటో దిగిన నాయకుణ్ణి వదిలేసి, ఆ సమయానికి పెళ్లికి వెళ్లిన నాయకుణ్ణి పట్టుకోవడం మనకు నేర్పింది ఈ తూకమే. చెరువు ఎవరు పూడ్చారు, నాలా మీద ఎవరు కట్టారు, అనుమతి మీద ఎవరి సంతకం ఉంది అన్న ప్రశ్నలు పడవ ఫొటో దగ్గరే ఆగిపోతాయి.

5. అసలు నేరపత్రం

మంటలు ఆరాక జరిగినవి ఇవి. సెవెరస్, కెలర్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు నగరం నడిబొడ్డున చక్రవర్తికి భవనం లేపారు. భవనం అనడం కూడా చాలదు. పాలటైన్ నుంచి ఎస్క్విలిన్ దాకా, కీలియన్ వాలు దాకా విస్తరించిన తోటలు, పొలాలు, అడవులు, మధ్యలో కృత్రిమ సరస్సు, ముప్ఫై మీటర్లకు మించిన కంచు విగ్రహం. లక్షల మంది ఇరుక్కుని బతికే నగరంలో, ఇళ్లు కాలినవాళ్ల కళ్ల ముందే, ఒక మనిషికి అంత నేల. ఆ సరస్సు ఉన్నచోటే తర్వాత వెస్పేసియన్ చక్రవర్తి ఇవాళ మనం కొలోసియం అంటున్న ప్రేక్షాగారం కట్టించాడు. నిప్పు నీరో పెట్టాడో లేదో ఎన్నటికీ తేలదు. కాలిన నేలను కలిపేసుకున్నాడన్నది రాళ్లలో కనిపిస్తోంది. తేలని నేరాన్ని పట్టుకుని వేలాడి, తేలిన నేరాన్ని దానికి ఆధారంగా మాత్రమే చూడటం విచిత్రమైన తీర్పు.

ఈ కట్టుబడికి డబ్బు ఎక్కడిది? ఇటలీని పిండారు, రాష్ట్రాల్ని పిండారు. అక్రాటస్, సెకుండస్ కారినాస్ అనే ఇద్దరిని ఆసియాకూ గ్రీసుకూ పంపి ఆలయాల్లోని కానుకల్నే కాదు, దేవతా విగ్రహాల్ని కూడా మోసుకురమ్మన్నారు. 66లో యూదయా పాలనాధికారి గెస్సియస్ ఫ్లోరస్ చక్రవర్తి అవసరానికంటూ జెరూసలేం ఆలయ ఖజానా నుంచి పదిహేడు టాలెంట్ల సొమ్ము తీసుకున్నాడు. అప్పటికే లోపల రగులుతున్న ఆ దేశం భగ్గుమంది. నాలుగేళ్ల యుద్ధం 70లో ఆ ఆలయం నేలమట్టం కావడంతో ఒక కొలిక్కి వచ్చింది. నాణెం కూడా సన్నబడింది. ఒక పౌను బంగారంతో 40 నాణేలు కొట్టేచోట 45, ఒక పౌను వెండితో 84 కొట్టేచోట 96 కొట్టారు; వెండిలో స్వచ్ఛత కూడా తగ్గించారు. నల్గొండ జిల్లా అక్కనపల్లితో సహా మన దక్షిణాదిలో బయటపడ్డ రోమన్ వెండి నాణేల్లో అత్యధికం అగస్టస్, టైబీరియస్‌లవి, అంటే నీరో పలచన చేయకముందువి. కొత్త వెండిని ఇక్కడి వ్యాపారులు ఇష్టపడకపోవడం ఇందుకు ఒక కారణమని చరిత్రకారుల అంచనా. తెలుగు నేలకు నీరోతో చరిత్ర కలిపిన ముడి ఏదైనా ఉంటే అది ఈ నాణెం దగ్గరుంది.

వీటన్నిటికన్నా బరువైనది చివరిది. సాయం చేసినా, కట్టించినా, దేవతలకు శాంతులు చేయించినా వదంతి చావలేదు. నిప్పు పెట్టినవాడు ఎవడో ఒకడు ఉండి తీరాలని జనం పట్టుబట్టారు. ఇళ్ల ఎత్తును, మళ్లించిన నీటిని, ఉమ్మడి గోడల్ని శిక్షించలేం. శిక్షించడానికి ఒక ముఖం కావాలి. వాళ్లు నీరో ముఖాన్ని చూపించారు. నీరో ఇంకొన్ని ముఖాల్ని చూపించాడు: రోములో అప్పటికే జనానికి గిట్టని చిన్న గుంపు, క్రైస్తవులు. ముందు ఒప్పుకున్నవాళ్లను పట్టుకున్నారు, వాళ్ల మాటల మీద పెద్ద సంఖ్యలో మిగతావాళ్లను పట్టుకున్నారు. శిక్ష పడింది తగలబెట్టినందుకన్నా, మనుషులంటే ద్వేషం ఉన్నందుకట. కొందరికి మృగాల తోళ్లు కప్పి కుక్కల చేత చీల్పించారు. కొందరిని శిలువ వేశారు. కొందరిని చీకటి పడ్డాక దీపాలకు బదులు వెలిగించారు. ఈ శిక్షలకూ అగ్నిప్రమాదానికీ ముడి లేదనీ, తర్వాత కలిపారనీ వాదించే పండితులు కొందరున్నారు. స్యూటోనియస్ క్రైస్తవుల శిక్షను మంటలతో కలపకుండా విడిగా చెప్పడం వాళ్ల వాదనకు ఊతం. ఆ ముడి వదిలేసినా శిక్ష మిగులుతుంది. ముడి వేసిన టాసిటస్‌కు ఆ మతం మీద జాలి లేదు, వాళ్లు దండనకు అర్హులనే అనుకున్నాడు. అయినా, వీళ్లు చస్తున్నది లోకం మేలు కోసం కాదు, ఒక్కడి క్రౌర్యానికి అని జనం మనసు కరిగిందని ఆయనే రాశాడు. ఇలాంటి సాక్షి అబద్ధమాడటానికి కారణం కనిపించదు.

ఆ రాత్రి నీరో అక్కడే ఉన్నాడు. రథసారథి వేషంలో జనంతో కలిసి తిరిగాడు. చూడటానికి వచ్చినవాళ్లకు తన తోటల్ని ఇచ్చాడు. ఇల్లు కాలి రోడ్డున పడ్డవాళ్ల కోసం జులైలో తెరిచినవీ తన తోటలే. టాసిటస్ రెండుచోట్లా వాడింది ఆ ఒక్క మాటే.